శాంతాక్రూజ్ దీవులకు ఏ రంగు వేయాలి?

పటాలపంతులు
మా ఊరి గ్రంథాలయం గోడ మీద పిల్లల కోసం ప్రపంచ భాషల పటం గీస్తున్నాం. కుటుంబానికో రంగు. ద్రావిడ భాషలకు కుంకుమ రంగు, ఆస్ట్రోనేషియన్ భాషలకు నీలం. మడగాస్కర్ దగ్గర మొదలుపెట్టి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, తైవాన్ మీదుగా ఈస్టర్ దీవి దాకా నీలం పూస్తూ పోతుంటే, ఒక్క కుటుంబం ఇంత సముద్రాన్ని ఎలా దాటిందా అని చేయి ఆగిపోయింది. న్యూగినీ లోపలి భాగానికి మాత్రం ఆకుపచ్చ వేశాం, పాపువా భాషలని.

చిక్కంతా సాలమన్ దీవుల తూర్పు కొసన వచ్చింది. అక్కడ తెమోటు అనే రాష్ట్రం ఉంది. మా దగ్గరున్న పాత అట్లాసులో శాంతాక్రూజ్, రీఫ్ దీవులు పాపువా భాషల కింద ఉన్నాయి. ఈ మధ్య కొన్న పుస్తకంలో అవే దీవులు ఆస్ట్రోనేషియన్. దిగువన ఉటుపువా, వనికోరో అనే రెండు చిన్న దీవులున్నాయి, వాటికి పాత పుస్తకంలో అసలు రంగే లేదు. రెండు వారాలుగా ఆ చోటు ఖాళీగా ఉంది. పిల్లలు వచ్చి "ఇక్కడ మనుషులు ఉండరా మాస్టారూ?" అని అడుగుతున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ఏది సరైనది?

గోదారిగట్టు
నీలం, ఆకుపచ్చ కలిపి వేయండి. నెమలికంఠం రంగు వస్తుంది, చూడ్డానికి కూడా బాగుంటుంది.

ధాతుపాఠం
గోదారిగట్టు గారూ, ఆ పటం చూసిన పిల్లలు అదే నిజమనుకుని పెద్దవుతారు. సరైన రంగు నీలమే. అయితే పాత అట్లాసు గీసినవాళ్లు అజ్ఞానులు కారు, అది కూడా చెప్పాలి.

1970లలో స్టీఫెన్ వుర్మ్ అనే పెద్ద పండితుడు రీఫ్, శాంతాక్రూజ్ భాషల మీద చాలా పని చేశారు. ఆయన లెక్కలో ఇవి మూలంలో పాపువా భాషలు, తర్వాత వచ్చిన ఆస్ట్రోనేషియన్ పడవలవాళ్ల దగ్గర బోలెడు మాటలు ఎరువు తెచ్చుకున్నాయి. ఆయన అలా అనుకోవడానికి బలమైన కారణాలున్నాయి. క్రియాపదం చుట్టూ ముందూ వెనకా ప్రత్యయాలు తేనెపట్టులా అల్లుకుని ఉంటాయి. నామవాచకాల ముందు వచ్చే చిన్న చిన్న ముక్కలు, న్యూగినీ భాషల్లో నామవాచకాలను తరగతులుగా విడగొట్టే పద్ధతిలాగే కనిపించాయి. చుట్టుపక్కల ఆస్ట్రోనేషియన్ భాషలతో పోల్చితే గుర్తుపట్టగలిగే మాటలు బాగా తక్కువ. అదే కాలంలో పీటర్ లింకన్ ఒప్పుకోలేదు, ఇవి ఆస్ట్రోనేషియన్ భాషలే అన్నారు. వాదం ముప్పై ఏళ్లు నడిచింది.

2007లో మాల్కమ్ రాస్, ఓషిల్ నెస్ అనే భాషావేత్తలిద్దరూ కలిసి మొత్తం మళ్లీ విప్పి చూశారు. ఆస్ట్రోనేషియన్‌లో పసిఫిక్ దీవుల వైపు వెళ్లిన పెద్ద శాఖను ఓషియానిక్ అంటారు. రీఫ్ దీవుల ఆయ్‌వో భాషలో ధ్వనులు ఆ శాఖ తల్లి భాష అయిన మూల ఓషియానిక్ ధ్వనులకు ఒక పద్ధతి ప్రకారం పొంతన కుదురుతున్నాయని చూపించారు. తరగతుల గుర్తులనుకున్నవి కూడా పాపువా తరహావి కావని నెస్ అంతకు ముందు ఏడాదే విడిగా రాశారు. రీఫ్, శాంతాక్రూజ్, ఉటుపువా, వనికోరో అన్నీ కలిపి ఓషియానిక్‌లో నేరుగా మూలం నుంచి చీలిన, తెమోటు అనే ఒకే శాఖ అని వారి ప్రతిపాదన.

కొండమల్లె
పంతులు గారు ఇంకో చిన్న సవరణ చేసుకోవాలి. "పాపువా" అన్నది ఒక కుటుంబం కాదు. న్యూగినీ పరిసరాల్లో ఆస్ట్రోనేషియన్ కాని భాషలన్నిటినీ వేసిన సంచి పేరు అది. ఆ సంచిలో ఒకదానితో ఒకటి సంబంధం లేని కుటుంబాలు పదుల సంఖ్యలో ఉన్నాయి. ఒకే ఆకుపచ్చ పూస్తే చైనా భాషకూ మన భాషకూ ఒకే రంగు వేసినట్టే.

పటాలపంతులు
అయ్యో, గోడ సగం ఆకుపచ్చ అయిపోయింది. సరే, ఆకుపచ్చ మీద గీతలు గీసి, "ఇవి అనేక కుటుంబాలు" అని కింద రాస్తాను. ధాతుపాఠం గారూ, మొత్తం ఎన్ని భాషలు?

ధాతుపాఠం
పది. రీఫ్ దీవుల్లో ఆయ్‌వో. శాంతాక్రూజ్‌లో నటుగు, నలొగో, ఎంగ్డేవు. ఉటుపువాలో అంబా, అసుంబోవా, తనింబిలి. వనికోరోలో టెయాను, లోవోనో, తనెమా. ఇదే రాష్ట్రంలో టికోపియా, అనుటా, తౌమాకో లాంటి దీవుల్లో పాలినేషియన్ భాషలు కూడా ఉన్నాయి. అవి వేరే శాఖ, తూర్పు నుంచి వెనక్కి వచ్చినవాళ్లవి. రంగు మాత్రం అదే నీలం.

లెక్కలబడి
ఈ తీర్పు నాకు అంత తేలిగ్గా మింగుడు పడటం లేదు. మాటల జాబితా తీసుకుని పోల్చితే ఎన్ని కలిస్తే అంత దగ్గరి చుట్టరికం, ఇది సూటిగా ఉండే కొలత. ఈ భాషల్లో కలిసేవి తక్కువ అని మీరే చెప్పారు. మరి తక్కువ కలిసినా చుట్టాలే అంటే, ఎక్కువ కలిసినవాటిని ఏమనాలి? కొలతకు విలువ లేదా?

ధాతుపాఠం
విలువ ఉంది, కానీ అది మొదటి మెట్టు మాత్రమే. మాటలే కొలత అయితే తెలుగు సంస్కృతం బిడ్డ అయ్యేది. రెండు వందల ఏళ్ల కిందట చాలామంది పండితులు అలాగే అనుకున్నారు కూడా. మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి 1816లో తెలుగు ధాతువులు విడదీసి, తమిళ కన్నడాల పక్కన పెట్టి చూపించాక ఆ వాదం కదిలింది. పుస్తకం నిండా సంస్కృత పదాలున్నా "నేను, నీవు, రా, పో, తిను" ఎక్కడివో చూడాలి కదా.

ఇంకో మెట్టు పైకి వెళితే, చుట్టరికం ఉందని తేలడం వేరు, ఏ కొమ్మ మీద ఉందో తేలడం వేరు. అందరికీ తాత ఇచ్చిన ఆస్తి ఉంటే దాన్ని బట్టి అన్నదమ్ములెవరో చెప్పలేం. ఒక ఇంట్లో మాత్రమే కొత్తగా వచ్చిన మార్పు చూడాలి. తమిళంలో ఇరండు, మనకు రెండు. తమిళంలో ఉరల్, మనకు రోలు. తమిళంలో అవన్, మనకు వాడు. అచ్చు ముందు నుంచి వెనక్కి జరిగిన ఈ తరహా మార్పు గోండి, కోండ, కుయి, కువి భాషల్లో కూడా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1961 నాటి పుస్తకంలో తెలుగును వాటి పక్కన చేర్చడానికి ఇలాంటి ఉమ్మడి మార్పులే ఆధారం. సాహిత్యం చూసి కన్నడం పక్కన కూర్చోబెట్టినవాళ్లకు అది మింగుడు పడలేదు.

కొండమల్లె
పాడేరు వైపు పదకొండేళ్లు బడిలో పని చేశాను. కువి మాట్లాడే పిల్లలు మా తరగతిలో ఉండేవారు. మొదట్లో వాళ్ల భాష నాకు పక్షుల భాషలా వినిపించేది. రెండేళ్లకు చెవి పడ్డాక, ఒక్కో మాట కింద తెలుగు ఎముక తగిలేది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ధాతుపాఠం గారు పుస్తకంలోంచి చెప్పేది నేను చెవితో విన్నాను.

నాయనమ్మమాట
లెక్కలబడి గారి ప్రశ్నకు మా ఇంట్లో సమాధానం ఉంది. మా నాయనమ్మ మామగారి పేరు బంగారయ్య. పెళ్లయిన రోజు నుంచి చనిపోయే దాకా ఆవిడ నోటి నుంచి "బంగారం" అనే మాట రాలేదు. "పచ్చటిది" అనేది. "పచ్చటి గాజులు, పచ్చటి గొలుసు" అనేది. మా మేనత్తలు కూడా అదే మాటకు అలవాటుపడ్డారు. ఒక ఇల్లు కాకుండా ఒక దీవంతా అలా చేస్తే ఆ భాషలో మాటలు ఎంత త్వరగా మారిపోతాయో ఆలోచించండి.

ధాతుపాఠం
నాయనమ్మమాట గారూ, మీరు సరిగ్గా శాంతాక్రూజ్‌లో జరిగినదే చెప్పారు! అక్కడ వియ్యాలవారి పేర్లు పలకకూడదు. ఆ పేర్లేమో మామూలు మాటలతో కట్టినవి. పేరు పలకకూడదంటే ఆ మామూలు మాట కూడా పోతుంది, దాని స్థానంలో ఇంకొకటి వెతుక్కోవాలి. గ్యారీ సైమన్స్ 1982లో దీని మీదే రాశారు, ఆస్ట్రోనేషియన్ భాషల మాటల జాబితాలను పోల్చేటప్పుడు ఈ నిషేధాన్ని లెక్కలోకి తీసుకోవాలని. కలిసే మాటలు తక్కువగా ఉండటానికి ఇది ఒక కారణం.

లెక్కలబడి
ఇది నాకు తెలియదు. బాగుంది. అయితే మాటలు నమ్మకూడదు, వ్యాకరణం నమ్మాలి అంటారా?

నిద్రపట్టని_చదువరి
వ్యాకరణాన్ని కూడా గుడ్డిగా నమ్మకండి. మహారాష్ట్రలో సాంగ్లీ దగ్గర కుప్వాడ్ అనే ఊరుంది. గంపర్జ్, విల్సన్ అనే పరిశోధకులు 1971లో దాని గురించి రాశారు. ఆ ఊళ్లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొద్దిమంది తెలుగు మాట్లాడతారు. తరతరాలుగా పక్కపక్కన బతికి, వాక్య నిర్మాణం ఒకే అచ్చులోకి వచ్చేసింది. మాటలు మాత్రం ఎవరివి వారివే. మాటకు మాట పెట్టుకుంటూ పోతే ఒక భాష వాక్యం ఇంకో భాష వాక్యం అయిపోతుంది. వ్యాకరణం చూసి కుటుంబం చెప్పేవాడు అక్కడ కన్నడాన్నీ ఉర్దూనూ అన్నదమ్ములనేస్తాడు.

అలాంటిదే వనికోరోలో జరిగింది. అలెక్సాండర్ ఫ్రాంస్వా అనే ఫ్రెంచి పరిశోధకుడు ఆ దీవిలో మూడు భాషలనూ నమోదు చేసి 2009లో ప్రచురించారు. అందులోని ఒక వాక్యం నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

టెయాను: పి-తే నే సెకెలే యుపా, పి-వొవొ ఉఓ.
లోవోనో: నుపె-లు నే అమెనొంగా యెమితొరే, నుపె-ంగోఆ ఉపియే.
తనెమా: తెయి-ఒ నే వసంగొలా అకెగమూ, తి-ఓఆ ఉవా.

మూడింటి అర్థమూ ఒకటే: మేము మా తోటలో ఉన్నాం, పెండలం నాటాం. వరుస కూడా ఒకటే: మేము-ఉండు, లో, తోట, మా, మేము-నాటు, పెండలం. మాటలు మాత్రం చూడండి, "లో" అనే "నే" తప్ప దాదాపు ఏదీ కలవదు. ఒకే దీవి, ఒకే వాక్యం, మూడు వేర్వేరు బట్టలు.

గోదారిగట్టు
ఆ "మేము" లో మనం లేము కదా?

నిద్రపట్టని_చదువరి
అవును, లేము! ఎంత బాగా అడిగారు. అది "మేము", "మనం" కాదు. ఈ భాషల్లో కూడా మనలాగే రెండూ వేరు. ఇంగ్లీషు పుస్తకం దీనికి ప్రత్యేకంగా వివరణ ఇచ్చుకోవాలి, తెలుగువాడికి ఒక్క మాట చాలు.

సువాశారద
ఆ పెండలం మాట చూసి కుర్చీలోంచి లేచాను. ఫిజీలో పదహారేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడ సువా సంతలో పెండలాన్ని "ఉవి" అంటారు. మలయ్‌లో దుంపకు "ఉబి". టోంగాలో, సమోవాలో "ఉఫి". ఇప్పుడు మీరు రాసినవి చూడండి: ఉఓ, ఉపియే, ఉవా. మూడు బట్టలన్నారు కానీ, ఈ ఒక్క చోట మూడింటికీ తల్లి పోలిక కనిపిస్తోంది.

ధాతుపాఠం
సువాశారద గారు మా పని సులువు చేశారు. లెక్కలబడి గారూ, ఇదే అసలు పద్ధతి. మాటలు ఎన్ని కలిశాయన్నది కాదు, వాక్యం ఒకేలా ఉందన్నదీ కాదు. కలిసిన కొద్ది మాటల్లోనైనా ఒక ధ్వనికి ఎదురుగా మరో ధ్వని ప్రతిసారీ అదే వస్తోందా? ఫిజీలో వ ఉన్నచోట సమోవాలో ఫ వస్తుంటే, అది ఒక్క పెండలంలోనే కాదు, ఇంకో ఇరవై మాటల్లోనూ అలాగే రావాలి. ఎరువు మాటలు ఇంత క్రమశిక్షణతో నడవవు. దానికి తోడు, ఎవరూ ఎరువు తెచ్చుకోని చిన్న చిన్న వ్యాకరణపు ముక్కలు కలవాలి. ఉదాహరణకు ఓషియానిక్ భాషల్లో "నాది" అనే మాట వస్తువును బట్టి మారుతుంది. తినేది నాదైతే ఒకటి, తాగేది నాదైతే ఇంకొకటి. ఆయ్‌వోలో ఆ ఏర్పాటు ఉంది, పైగా ఇంకా పెరిగింది. వక్క, తాంబూలం లాంటి నమిలేవాటికి అక్కడ విడిగా ఒక "నాది" ఉంది.

నాయనమ్మమాట
తాంబూలానికి వేరే "నాది"! మా నాయనమ్మ ఉంటే ఆ దీవికి వెంటనే బయలుదేరేది. ఆవిడ వక్కల సంచి మీద కూడా చేయి వేయనిచ్చేది కాదు.

శ్రీవిజయపురం_రాజు
పోర్ట్ బ్లెయిర్ నుంచి రాస్తున్నాను, ఇప్పుడు దాన్ని శ్రీవిజయపురం అంటున్నారు. ఇక్కడ తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. పంతులు గారూ, మీ పటంలో అండమాన్‌కు ఏ రంగు వేశారు? ఎందుకు అడుగుతున్నానంటే, 2007లో రాస్, నెస్ వ్యాసం వచ్చిన అదే పత్రికలో, అదే ఏడాది, జూలియట్ బ్లెవిన్స్ మా జారవా, ఒంగే భాషలు ఆస్ట్రోనేషియన్‌కు దూరపు చుట్టాలని రాశారు. ఒక చుట్టరికం నమ్మి ఇంకొకటి నమ్మకపోతే ఎలా? దాన్ని కూడా నీలం చేయాలా?

పటాలపంతులు
అండమాన్‌కు రెండు రంగులు వేశాను, గ్రేట్ అండమానీ ఒకటి, ఒంగే-జారవా ఒకటి. ఇప్పుడు అదీ మార్చాలా?

ధాతుపాఠం
మార్చకండి. పరీక్ష ఒకటే, ఫలితాలు వేరు. ఆస్ట్రోనేషియన్ మీద జీవితమంతా పనిచేసిన రాబర్ట్ బ్లస్ట్ 2014లో ఆ ఒంగే ప్రతిపాదనను పరిశీలించి తోసిపుచ్చారు. యాదృచ్ఛికంగా పోలిన మాటలకూ, క్రమం తప్పని పొంతనకూ తేడా ఉండాలి కదా. రెండు భాషల నిఘంటువులు పక్కపక్కన పెట్టుకుని అర్థాన్ని కొంచెం అటూ ఇటూ జరుపుకుంటే ఏ రెండు భాషలకైనా పోలికలు దొరుకుతాయి. తెమోటు విషయంలో ధ్వనుల పొంతనలు నిలబడ్డాయి, చాలామంది ఒప్పుకున్నారు. శాఖ లోపల ఎవరు ఎవరికి ఎంత దగ్గర అన్నదాని మీద పని ఇంకా సాగుతోంది.

శ్రీవిజయపురం_రాజు
సరే, ఒప్పుకుంటున్నాను. కానీ రాసింది ఊరికే కాదు. బో భాష మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే పెద్దావిడ, 2010 జనవరిలో ఇక్కడే చనిపోయారు. ఆవిడతో తన భాషలో మాట్లాడేవారు చాలా ఏళ్లుగా ఎవరూ లేరు. ఆ వార్త చదివిన రోజు నుంచి వర్గీకరణ అనే మాట వింటే నాకు గుండెలో ఏదో కదులుతుంది.

వేపచెట్టునీడ
నాకు మొదటి నుంచీ ఉన్న అభ్యంతరం ఇదే. లోవోనో, తనెమా భాషలు మాట్లాడేవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరని చదివాను. ఆ కుటుంబాలు టెయానుకు మారిపోయాయి. ఉటుపువాలో రెండు భాషలది దాదాపు అదే పరిస్థితి. మనం ఇక్కడ కూర్చుని ఏ కొమ్మ, ఏ రంగు అని వాదించుకుంటే వాళ్లకు ఒరిగేదేమిటి? ప్రాణం పోతున్న మనిషికి గోత్రం అడిగినట్టుంది.

సువాశారద
వేపచెట్టునీడ గారి బాధ అర్థమవుతోంది, కానీ నేను ఒప్పుకోను. ఇక్కడ మా పక్కింటి పెద్దావిడ తాతలు 1903 తర్వాత మద్రాసు నుంచి కూలి ఒప్పందం మీద ఓడెక్కి ఫిజీ వచ్చినవాళ్లు. తెలుగువాళ్లు. చెరుకు తోటల్లో అందరూ కలిసి పనిచేయగా పుట్టిన ఫిజీ హిందీయే ఆ ఇంటి భాష అయింది. ఆవిడకు వచ్చిన తెలుగు "అమ్మమ్మ, రా, కూర్చో, చాలు". నేను ఒకరోజు ఆవిడకు రెండు-ఇరండు, రోలు-ఉరల్ సంగతి చెప్పాను. ఆ ముసలావిడ నా చేయి పట్టుకుని "అయితే నేను కూడా అక్కడి కొమ్మనేనా" అని హిందీలో అడిగింది. భాష తిరిగి రాలేదు, నిజమే. కానీ ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆవిడ ముఖం చూసి ఉంటే మీరు గోత్రం మాట అనేవారు కాదు.

వేపచెట్టునీడ
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ప్రశ్న మిగిలే ఉంది. ఎవరి కోసం వర్గీకరణ? అక్కడి పిల్లలకు చదువుకునే వాచకం కావాలా, మన గోడ మీద రంగు కావాలా?

ధాతుపాఠం
రెండూ ఒకే మనుషులు చేశారు, వేపచెట్టునీడ గారూ. శాంతాక్రూజ్‌లో నటుగు భాషకు రాతను స్థిరపరిచే పనిలో బ్రెండా బోర్గర్ అనే భాషావేత్త ఏళ్ల తరబడి అక్కడివాళ్లతో కలిసి పనిచేశారు. ఆ భాషలో అచ్చులు చాలా ఎక్కువ, రోమన్ లిపిలో అచ్చులు ఐదే. అక్షరాల నెత్తిన చుక్కలు పెట్టే బదులు, వాళ్లకు అవసరం లేని హల్లుల గుర్తులను అచ్చులకు వాడుకున్నారు. భాష పేరులోనే మధ్యలో ఇంగ్లీషు క్యూ అక్షరం అచ్చుగా ఉంటుంది. ఆ అచ్చులు ఎన్ని, ఎక్కడివి, ఏ పాత ధ్వని నుంచి వచ్చాయి అన్న పరిశీలనే వర్గీకరణకూ పనికొచ్చింది, బడికీ పనికొచ్చింది.

కొండమల్లె
తెలుగు లిపిలో కువి వాచకాలు వచ్చినప్పుడు మేమూ ఇలాగే తంటాలు పడ్డాం. కువిలో గొంతు నొక్కి పలికే ధ్వని ఒకటుంది, మన లిపిలో దానికి అక్షరమే లేదు. పిల్లలే నాకు పాఠం చెప్పారు, "అక్కడ ఆగాలి టీచరమ్మా" అని.

సముద్రఘోష
ఇంతసేపూ వనికోరో అంటున్నారు, దాని కథ ఎవరూ ఎత్తలేదు! ఫ్రాన్స్ రాజు పంపిన లాపెరూజ్ అనే నావికుడి నౌకలు రెండూ 1788లో ఆస్ట్రేలియా తీరం వదిలాక మాయమైపోయాయి. నలభై ఏళ్లు ఎవరికీ ఆచూకీ తెలియలేదు. అవి పగిలింది ఈ వనికోరో పగడపు దిబ్బల మీదే.

ఆచూకీ దొరికిన తీరు వినండి. పీటర్ డిల్లన్ అనే నావికుడు 1826లో టికోపియా దీవికి వెళ్లాడు. అక్కడ ఒక లాస్కర్ స్థిరపడి ఉన్నాడు, అంటే మన దేశం నుంచి ఓడల్లో పనికి వెళ్లిన కళాసీ. 1813లో డిల్లన్ ఓడే అతన్ని అక్కడ దింపింది. అతని దగ్గర వెండి కత్తిపిడి ముక్క ఒకటి కనిపించింది. ఎక్కడిదంటే పక్క దీవి వనికోరో నుంచి వచ్చిందన్నారు. డిల్లన్ కలకత్తా వెళ్లి ఈస్టిండియా కంపెనీని ఒప్పించి, రీసెర్చ్ అనే ఓడ తీసుకుని 1827లో వనికోరో చేరి శిథిలాలు కనిపెట్టాడు. ఒక హిందూస్థానీ కళాసీ టికోపియా భాష నేర్చుకుని అక్కడే బతకకపోతే ఆ రహస్యం ఇంకెన్నాళ్లు నీళ్లలో ఉండేదో.

నిద్రపట్టని_చదువరి
సముద్రఘోష గారి కథకు కొనసాగింపు మన చర్చకే వస్తుంది. మరుసటి ఏడాది, 1828లో, ద్యుమాఁ ద్యుర్విల్ అనే ఫ్రెంచి నావికుడు వనికోరో వెళ్లాడు. అతని ఓడలో ఉన్న వైద్యుడు గేమార్ ఆ దీవిలో మూడు భాషల మాటలూ విడివిడిగా రాసుకున్నాడు. అవి 1834లో అచ్చయ్యాయి. ఆ మూడూ మనం ఇప్పుడు చెప్పుకుంటున్న టెయాను, లోవోనో, తనెమాలే. దాదాపు రెండు శతాబ్దాల కిందటి జాబితా పక్కన పెట్టుకుని ఫ్రాంస్వా ఈనాటి చివరి వక్తలను అడిగారు.

ఇదే ద్యుర్విల్ 1831లో పసిఫిక్‌ను పాలినేషియా, మైక్రోనేషియా, మెలనేషియా అని విడగొట్టాడు. మనుషుల ఒంటి రంగు చూసి గీసిన గీత అది. భాషలు ఆ గీతను ఏనాడూ పట్టించుకోలేదు. ఫిజీ, సమోవా, వనికోరో, శాంతాక్రూజ్ అన్నీ ఒకే ఓషియానిక్ శాఖ. ఒకే ఓడ నుంచి ఒకవైపు నిలిచే మాటల జాబితా, ఇంకోవైపు దారితప్పించే పేర్లు వచ్చాయి. ఆ పేర్లు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. పంతులు గారూ, మీ గోడ మీద వాటిని రాయకండి.

పటాలపంతులు
రాశాను. ఈ రాత్రికే చెరిపేస్తాను.

లెక్కలబడి
నా చివరి సందేహం. తెమోటు అనేది ఓషియానిక్‌లో నేరుగా మూలం నుంచి చీలిన శాఖ అన్నారు. పక్కనే పెద్ద సాలమన్ దీవులున్నాయి కదా, వాటి భాషల నుంచి చీలకుండా నేరుగా ఎలా వస్తుంది?

సముద్రఘోష
దీనికి పురావస్తువాళ్లు జవాబు చెప్పారు. రీఫ్, శాంతాక్రూజ్ దీవుల్లో రోజర్ గ్రీన్ 1970లలో తవ్వకాలు చేశారు. సుమారు 3000 ఏళ్ల కిందటి లపిటా కుండపెంకులు, అంటే ఈ వైపు దీవులకు మొదట పడవల్లో వచ్చినవాళ్లు చేసిన కుండల ముక్కలు, దొరికాయి, చుక్కలు గుచ్చిన అలంకారంతో. వాటితో పాటు నల్లటి అగ్నిపర్వతపు గాజురాయి. ఆ రాయి ఎక్కడిదంటే దాదాపు 2000 కిలోమీటర్ల అవతల న్యూబ్రిటన్ దీవిలోని తలసియా ప్రాంతానిది! మధ్యలో ఉన్న పెద్ద సాలమన్ దీవుల్లో అంత పాత లపిటా ఆనవాళ్లు బాగా అరుదు. అంటే మొదటి పడవలు మధ్య దీవులను వదిలేసి ఒక్క గెంతులో తెమోటు చేరి ఉండాలని కొందరి వాదన. భాషలవాళ్లు చెప్పే "నేరుగా చీలిన శాఖ" దానికి సరిపోతుంది.

లెక్కలబడి
కుండపెంకు, రాయి, "నాది" అనే మాట, మూడూ ఒకే దారి చూపిస్తున్నాయి. ఒప్పుకుంటున్నాను. నీలం వేయండి పంతులు గారూ.

వేపచెట్టునీడ
నీలం వేయండి. కానీ వనికోరో ఒక్క చుక్క కాకూడదు. మూడు చుక్కలు పెట్టండి. మాట్లాడేవారి సంఖ్యను బట్టి చుక్క పరిమాణం మార్చవద్దు, మూడూ ఒకే సైజులో పెట్టండి. పిల్లలు ముందు మూడు భాషలున్నాయని చూడాలి.

గోదారిగట్టు
నెమలికంఠం రంగు వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క కోరిక, ఆ పెండలం మాటలు తెలుగు అక్షరాల్లో రాయండి. పిల్లలు పైకి చదువుతారు.

పటాలపంతులు
ఈ రోజు మధ్యాహ్నం పని చేశాం. తెమోటు దగ్గర పది నీలం చుక్కలు, అన్నీ ఒకే సైజు. స్థలం చాలక సముద్రంలోకి గీత లాగి, వనికోరో మూడు చుక్కల పక్కన "ఉఓ, ఉపియే, ఉవా" అని రాశాను. సువాశారద గారి ఫిజీ దగ్గర "ఉవి", మలేషియా దగ్గర "ఉబి". రంగు తడి ఆరకముందే ఐదో తరగతి పిల్ల ఒకతి వేలితో గీత వెంట నడిపిస్తూ ఐదూ పైకి చదివింది. తర్వాత మా ఊరి దగ్గరి కుంకుమ రంగు చుక్క మీద వేలు పెట్టి, "ఇక్కడ పెండలం అని రాయరా మాస్టారూ?" అంది. దాని వేలిముద్ర నీలంగా అక్కడ పడింది. చెరపలేదు. రేపు ఆరాక దాని పక్కన రాస్తాను.